ఇరవై మూడు పెంకులు

ఏప్రిల్ 12, 1999. సోమవారం.

పడమటి గాలి. ఉదయం ఏడింటికి 41 డిగ్రీల ఫారెన్‌హీట్, చలి. మనవరాలు జెనీవా రక్తపోటు 124/78. ఏడో నెల నడుస్తోంది.

పదకొండింటికి ఆర్సేనియో వచ్చాడు. ఇప్పుడు ఊరి సాంస్కృతిక కార్యాలయం చూసుకునేది అతనే. నా దగ్గర మూడో తరగతి రెండేళ్ళు చదివాడు. నలభై దాటినా ఇప్పటికీ గుమ్మం బయట టోపీ తీసి నిలబడతాడు, రమ్మనేదాకా లోపలికి రాడు.

"టీచరమ్మా, మనవాళ్ళు ఇంటికొస్తున్నారు," అన్నాడు.

తూర్పు తీరంలోని ఆ మ్యూజియం ఒప్పుకుందట. 1951 ఎండాకాలం మా పూర్వీకుల పాత ఊళ్ళో సమాధులు తవ్వి తీసుకెళ్ళిన నలభై రెండు మందినీ, వాళ్ళ పక్కన ఉన్న వస్తువులన్నిటినీ తిరిగి ఇస్తున్నారు. నలభై ఎనిమిదేళ్ళు సొరుగుల్లో ఉన్నారు. మే 19న మళ్ళీ భూమిలో పెడతాం. ఆ తేదీ మా ఊరి ఆచారాలు చూసే పెద్దాయన పెట్టాడు. ఎలా పెట్టాడో ఇలాంటి పుస్తకంలో రాయకూడదు.

ఆర్సేనియో జాబితా తెచ్చాడు. ఆరో సమాధి. స్త్రీ. తల దగ్గర తెల్లని గిన్నె, పగిలినది. తవ్వినప్పటి లెక్క ఇరవై మూడు పెంకులు. ఇప్పుడున్నవి పద్నాలుగు.

"లెక్క పక్కన పొడి అక్షరాలు మీవే కదా?"

నావే. పద్దెనిమిదేళ్ళ నా చేతిరాత. బోర్డింగు స్కూలు నుంచి సెలవులకి వచ్చి, తవ్వకాల డేరాలో కూర్చుని ప్రతి పెంకు మీదా నల్ల సిరాతో అంకె వేసింది నేనే. రాత బాగుందని తవ్వించే ప్రొఫెసరు ఏరి మరీ పెట్టుకున్నాడు.

"ఆమెవి అన్నీ ఆమెతో వెళ్ళాలంటున్నాడు పెద్దాయన. ఒక్కటి బయట మిగిలినా ఆమె ఇంటికి చేరినట్టు కాదట. మ్యూజియం వాళ్ళు తొమ్మిది దాచుకున్నారేమోనని నా అనుమానం. మీకేమైనా గుర్తుందా?"

"నలభై ఎనిమిదేళ్ళయింది."

"మీకు గుర్తులేదంటే నేన్నమ్మను. మూడో తరగతి పరీక్షలో నేనెన్ని తప్పులు చేశానో మొన్న సంతలో అందరి ముందూ చెప్పారు."

"నలభై ఒకటి."

"చూశారా!"

వారంలో చెబుతానన్నాను.

ఏప్రిల్ 13.

ఆ కడవ జెనీవా ఇంట్లో ఉంది.

ఏప్రిల్ 15. గురువారం.

ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే మనసు కుదుటపడుతుంది.

మా పెద్దమ్మ కడవలు చేసేది. నాకు నేర్పింది ఆవిడే. ఉత్త బంకమన్నుతో చేస్తే ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది. పాత పెంకులు మెత్తగా నూరి, ఆ పొడి మట్టిలో కలిపి పిసికితే నిలుస్తుంది. మా ఊళ్ళో కుండ చేసే ప్రతి ఆడదీ చేసే పనే ఇది. ఆ పెంకుల కోసమే పాత ఊరి వాలుల్లోకి వెళతాం. రోడ్డు పక్క బోర్డు మీద 'శిథిలాలు' అని రాశారు. మేం ఆ మాట అనం. ఊరు ఖాళీ అయిందనీ అనం.

ఏరుకోవడానికి పద్ధతి ఉంది. పైన పడి ఉన్నదే తీయాలి. నోరు తెరిచి అడగాలి. చిటికెడు మొక్కజొన్న పిండి పెట్టాలి. ఎవరైనా పడుకున్న చోట ముట్టుకోకూడదు.

ఆ ఎండాకాలం పొడికి పెంకులు కావాలని పెద్దమ్మ అడిగింది. డేరాలో బల్ల కింద పడిపోయిన ముక్కలు కొన్ని తెచ్చాను. సాయంత్రం చీపురుతో ఊడ్చి పారేసేవే. ఏ గదివో, ఎవరివో నాకు తెలియదు. అవి నూరి నేను చేసిన కడవకి ఆ ఏడు రాష్ట్ర సంతలో మొదటి బహుమతి, నీలి రిబ్బను వచ్చింది. వేలితో మీటితే గంటలా మోగేంత పలచటి గోడ.

మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి స్నానం ఆ కడవ నీళ్ళతోనే పోశాం. 1955లో నా కొడుకు ఆండ్రెస్. తొమ్మిది రోజులు బతికాడు. 1957లో నా కూతురు లోరెట్టా. ముప్ఫై ఎనిమిదేళ్ళకి పోయింది. 1975లో లోరెట్టా కూతురు జెనీవా. జెనీవాకి ఇప్పటికి రెండుసార్లు కడుపు పోయింది.

తొమ్మిది పెంకులు, తొమ్మిది రోజులు. లెక్కలు కలిసినంత మాత్రాన అర్థం ఉండదు. ముప్ఫై ఒక్కేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని.

ఏప్రిల్ 19. సోమవారం.

కార్యాలయానికి నేనే వెళ్ళాను. ఆర్సేనియో కాగితం టైపు చేశాడు. 'ఆరో సమాధి గిన్నె పెంకులు మొదటి నుంచీ పద్నాలుగే. ఇరవై మూడు అన్నది నా లెక్కలో పొరపాటు.'

"మీరు లెక్క తప్పారా?"

"పద్దెనిమిదేళ్ళ పిల్లని. ఎండ. తప్పాను."

ఒంట్లో బాగాలేని మనిషిని చూసినట్టు చూశాడు. "సరే టీచరమ్మా. మీరు చెప్పాక ఇంక అడిగేదేముంది?"

సంతకం పెట్టాను. బయటికి వస్తుంటే, ఆదివారం ఏదో బడిపిల్లలకి పాత ఊరు చూపించాలని చెప్పాడు. వచ్చిన ప్రతి జట్టుకీ ముందు తన కథే చెబుతాడట. 1968లో అక్కడ ఎర్రపెంకు ఒకటి జేబులో వేసుకుంటే టీచరమ్మ అరచేతి మీద రూళ్ళకర్రతో కొట్టింది, మర్నాడు నాలుగు మైళ్ళు తనతో నడిపించి తీసుకెళ్ళి, తీసిన చోటే పెట్టించింది అని.

"పిల్లలు భలే వింటారు. పాత ఊరి పార్కు కాపలావాళ్ళు కూడా ఇప్పుడు అదే కథ చెబుతున్నారు."

నేను టోపీ సరిగ్గా పెట్టుకోమన్నాను.

ఏప్రిల్ 20.

గాలి. పాత ఊరి వైపు నుంచి దుమ్ము. కిటికీ గట్లు రెండుసార్లు తుడిచాను. మూడోసారి తుడవలేదు, వేలితో ముట్టి చూశాను. నూరిన పిండిలా ఉంది.

ఏప్రిల్ 25. ఆదివారం.

జెనీవా ఇంట్లో భోజనం. మా తమ్ముడు సెఫెరినో కూడా వచ్చాడు. ఎర్ర మిరపకాయల మాంసం, నిన్న మట్టిపొయ్యిలో కాల్చిన రొట్టె. ఉప్పు ఎక్కువైంది. చెప్పాను.

జెనీవా భర్త హార్లన్ హోపీ తెగవాడు. అతని వాళ్ళు కూడా ఒకప్పుడు పాత ఊళ్ళో ఉన్నవాళ్ళేనని, పంతొమ్మిదో తేదీకి అక్కడి నుంచి పెద్దలు ఎనిమిది మంది వస్తున్నారు. జూనీ తెగవాళ్ళ ఊరి నుంచి ఆరుగురు. ఏటి వెంబడి ఊళ్ళ నుంచి ఎందరో ఇంకా తెలియదు. అందరూ 'మా అమ్మమ్మ ఊరు' అనే వస్తున్నారు.

"మీవాళ్ళు అక్కణ్ణించి ఎందుకు వెళ్ళిపోయారోయ్?" అన్నాడు సెఫెరినో.

"మీవాళ్ళ వంట, తాతా. ఏడొందల ఏళ్ళు ఓర్చుకున్నాం."

"అబ్బో! మరి తిరిగొచ్చి మా పిల్లనే చేసుకున్నావేం?"

"ఉప్పు అలవాటైపోయింది."

జెనీవా నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. నేను కడవని చూస్తున్నాను. వంటగట్టు మీద, మూత పెట్టి ఉంది.

"అది అలంకారానికి కదా అక్కడ పెట్టావు?" అన్నాను.

"అలంకారమేంటి అమ్మమ్మా! రోజూ దాన్లో నీళ్ళే తాగుతున్నా. ఫ్రిజ్ నీళ్ళు పడట్లేదు. ఇవైతే చల్లగా, మట్టివాసనగా..."

రోజూ. ఎప్పటి నుంచి అని అడిగాను. జనవరి నుంచి.

"నాకియ్యి. పాతబడింది, పూత రాలుతోంది. నేను కొత్తది చేసిస్తాను."

"ఎక్కడ రాలుతోంది? చూపించు." కడవని చుట్టూ తిప్పింది. ఎక్కడా రాలడం లేదు. "అమ్మని కడిగావు, నన్ను కడిగావు. ఈ పొట్టలో ఉన్నదాన్నీ ఇందులో నీళ్ళతోనే కడగాలి. ఇది నాది. అమ్మ నాకిచ్చింది."

"అక్కకి రిబ్బను మళ్ళీ గుర్తొచ్చినట్టుంది," అన్నాడు సెఫెరినో. "సంతకి పట్టుకుపోదామనుకుంటోంది."

నాకు చెమట పట్టింది. కారం వల్ల అన్నాను.

మే 2. ఆదివారం.

ఏప్రిల్ 15న రాసినదాంట్లో సవరణ.

బల్ల కింద పడినవి కావు. ఆరో సమాధి పళ్ళెంలో ఉన్నవే. నాకు తెలుసు. కానీ ఎందుకు తీశానంటే, రైల్లో పంపే పెట్టెలు సిద్ధమవుతున్నాయి. ఆమెని ఎక్కడో తెలియని చోటికి తీసుకుపోతున్నారు. ఆమెది కొంచెమైనా ఇక్కడ ఉండిపోవాలని తీశాను. ఊరికి మేలే చేశాను.

ఇప్పుడు సరిగ్గా ఉంది.

మే 6. గురువారం.

జెనీవా 148/96. కాళ్ళు వాచాయి. ఉంగరం రావడం లేదు, సబ్బు రాసి తీశాను. డాక్టరు శనివారం మళ్ళీ రమ్మన్నాడు. ఫ్రిజ్ నీళ్ళే తాగమన్నాను. అరిచాననుకుంటాను. హార్లన్ గది బయటికి వచ్చి చూశాడు.

మే 8. శనివారం.

వాళ్ళిద్దరూ ఆసుపత్రికి వెళ్ళాక పదిన్నరకి తాళంచెవి తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. సుత్తి సంచిలో పెట్టుకున్నాను.

కడవలో సగం నీళ్ళున్నాయి. గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా చేతులే చేశాయి దాన్ని. మెడ దగ్గర మెట్టుమెట్టుగా నేను గీసిన నల్లగీతలు పద్దెనిమిది. ఒక్కటి వంకర లేదు. సుత్తి ఎత్తాను.

పగలగొడితే ఏమవుతుంది? ఆ పొడి ఎక్కడికీ పోదు. ఒక్కో ముక్కలో ఆమె ఉంటుంది. నేల మీద పడితే ఊడవాలి. ఊడ్చి ఎక్కడ పోయాలి? మా ఇంటి చెత్తలోనా?

ఉన్నట్టుండి కడవ లోపల నీళ్ళు చిన్నగా కదిలాయి. బయట లారీ పోయింది, దాని అదురుకే. గ్యాసు బావుల దగ్గరికి రోజుకి ఇరవై లారీలు పోతాయి, ఆ అదురుకే. సుత్తి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను. తాళం వేశానో లేదో గుర్తులేదు. నాకు గుర్తులేకపోవడం ఇదే మొదటిసారి.

మే 11. మంగళవారం.

ఉదయం 6:52కి ఆడపిల్ల. ఏడు వారాలు ముందు. నాలుగు పౌన్ల ఒక ఔన్సు. గాజుపెట్టెలో పెట్టారు. ఊపిరికి ముక్కులో గొట్టం. జెనీవా రక్తపోటు 170/110 దాకా పోయి, సాయంత్రానికి 140/92కి దిగింది.

పదకొండు నుంచి లెక్కపెడితే తొమ్మిదో రోజు పంతొమ్మిది.

మే 12. బుధవారం.

ఇదే సంగతి రెండుసార్లు రాశాను. రెండూ అబద్ధం.

పళ్ళెంలో గిన్నె పెంకులు ఆరబెట్టి ఉన్నాయి. తెల్లగా, ఎముకలా గట్టిగా. ఒక దాన్ని ఇంకోదానితో తడితే ఎంత మంచి చప్పుడు! వాలుల్లో దొరికే ఎర్రపెంకులతో అంత మెత్తటి పొడి రాదు, గోడ అంత పలచగా తీయలేం. ఆ ఏడు మా పిన్ని కూతురు కడవకే రిబ్బను వస్తుందని అందరూ అంటున్నారు. నాకు కావాలి. అంతే.

ఆమెని ఇక్కడ ఉంచడానికి కాదు. ఆమె అని కూడా అనుకోలేదు. సరుకు అనుకున్నాను.

తొమ్మిదింటి మీదా నేనే వేసిన అంకెలు ఉన్నాయి. 15 నుంచి 23 దాకా. కొడవలి మొనతో గోకేశాను. తొమ్మిది అంకెలు. తెలియక తీసుకునేవాళ్ళు అంకెలు గోకరు. అడగలేదు. పిండి పెట్టలేదు. పెద్దమ్మ ఎక్కడివి అంటే, వాలులో ఏరానన్నాను.

పిల్లకి పాలు పడటం లేదు. నాలుగు పౌన్లకి దిగింది.

మే 13. గురువారం.

ఆసుపత్రిలో జెనీవాకి చెప్పాను. హార్లన్ ఉన్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక పన్నెండో తేదీ పేజీ చదివి వినిపించాను.

పంపులో నీళ్ళు కారుతున్నాయి, హార్లన్ లేచి కట్టేశాడు.

"మొదటిసారి పోయినప్పుడు నువ్వేమన్నావు?" అంది జెనీవా.

"ఏమన్నాను?"

"గుమ్మంలో కూర్చుంటున్నానన్నావు. అందుకే పోయిందన్నావు. రెండోసారి, చనిపోయినవాళ్ళింటికి వెళ్ళానన్నావు. వండి పెట్టడానికి వెళ్ళా అమ్మమ్మా, అరగంట! ఆ తర్వాత ఏడాదిన్నర నేను ఎవరింటికీ వెళ్ళలేదు. గుమ్మం దాటేటప్పుడు పరుగెత్తేదాన్ని."

"నాకు భయమేసి..."

"నీకు భయమేస్తే నన్నంటావా? నీకు కడవ సంగతి తెలుసు. తెలిసి నన్నన్నావు. తారీఖు వేసి రాసే ఉంటావు, వెళ్ళి చూసుకో."

"జెన్," అన్నాడు హార్లన్.

"నువ్వుండు. అమ్మమ్మా, తీసుకెళ్ళు దాన్ని. పగలగొడతావో, ఏట్లో వేస్తావో, నాకు చెప్పకు. పో."

ఇంటికి వచ్చి పాత పుస్తకాలు తీశాను. సెప్టెంబరు 14, 1996: 'జె. మళ్ళీ గుమ్మంలో కూర్చుంది. చెబితే వినదు.' నవంబరు 3, 1997: 'జె. చావు ఇంటికి వెళ్ళింది, 35 నిమిషాలు. నేను ముందే చెప్పాను.'

చక్కటి రాత. వాలు లేదు.

మే 14. శుక్రవారం.

పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఎనభై నాలుగేళ్ళు. మధ్యాహ్నం ఎండలో గోడవారన కూర్చుని పిన్యన్ చెట్టు గింజలు వలుస్తున్నాడు.

"తిన్నావా?"

తినలేదు. గింజలు దోసిట్లో పోశాడు. చెప్పాల్సింది అంతా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"ఎన్నన్నావు?"

"తొమ్మిది."

"ఆమె ఆ గిన్నె చేసేటప్పుడు మట్టిలో ఏం కలిపి ఉంటుంది?"

"పెంకుల పొడి."

"ఎవరివి?"

"అంతకుముందువాళ్ళవి."

"వాళ్ళ కుండల్లో?"

"అంతకన్నా ముందువాళ్ళవి."

"మరి నీ కడవలో ఎంతమంది ఉన్నారో చెప్పు. నువ్వు లెక్కల టీచరువి కదా."

ఓదారుస్తున్నాడనుకున్నాను. ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. చెప్పలేనన్నాను.

"అందుకేనమ్మా అడిగి తీసుకోమనేది," అన్నాడు. గింజ కొరికి తొక్క ఉమ్మేశాడు. "తీసుకుంటున్నది ఒక్కళ్ళని కాదు కదా. అంతమందిని కదిలించావు, ఒక్క మాట అనకుండా. వాళ్ళు నలభై ఎనిమిదేళ్ళుగా నీ మాట కోసం చూస్తున్నారు."

"పిల్ల బతుకుతుందా?"

"నాకు తెలీదు."

"నా కొడుకు? దీనివల్లేనా?"

"అదీ తెలీదు. తెలిస్తే చెప్పనూ?" ఒళ్ళోని తొక్కలు దులుపుకున్నాడు. "కడవ పగలగొట్టకు. నీళ్ళు పారబోయకు, మొక్కలకి పొయ్యి. పంతొమ్మిదిన నువ్వే మోసుకురా. ఆమె పక్కన పెడదాం. పెట్టేముందు అడుగు. తర్వాత నాలుగు రోజులు ఎవరింటికీ వెళ్ళకు, ఎవర్నీ ముట్టుకోకు. పసిబిడ్డ దగ్గరికి అసలు పోకు."

తొమ్మిదో రోజున పిల్ల దగ్గర ఉండకూడదు. ఆ తర్వాత నాలుగు రోజులు కూడా. అడగబోయి ఊరుకున్నాను. మినహాయింపు అడిగే పిల్లలకి నేనెప్పుడూ ఇచ్చింది లేదు.

అక్కణ్ణించి కార్యాలయానికి. పాత కాగితం చింపించాను. కొత్తది నా చేత్తో రాశాను. 'లెక్క సరిగ్గానే ఉంది. ఇరవై మూడు. తొమ్మిది నేను తీసుకున్నాను.'

ఆర్సేనియో రెండుసార్లు చదివాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. అతను నన్ను తిట్టాలని కోరుకున్నాను.

"పంతొమ్మిదిన మీకు బండి పంపుతాను," అన్నాడు చివరికి.

"వద్దు. నడుస్తాను."

"నాలుగు మైళ్ళు, టీచరమ్మా. మీ మోకాళ్ళు..."

"నాలుగు మైళ్ళని నాకు తెలుసు."

కాగితం మడిచాడు, మళ్ళీ విప్పాడు. "అయితే నేనూ నడుస్తా. ఆరోజు నన్నొక్కణ్ణే పంపలేదుగా మీరు."

మే 17.

మూడు పౌన్ల పదిహేను ఔన్సులు. రెండుసార్లు ఊపిరి ఆగి మళ్ళీ వచ్చిందట. హార్లన్ చెప్పాడు. జెనీవా ఫోనుకి రాలేదు.

మే 18. మంగళవారం.

హార్లన్ కడవ తెచ్చి అరుగు మీద పెట్టాడు. నీళ్ళు టమాటా మొక్కలకి పోశాడట. లోపల తడి ఆరలేదు.

"నేను రాకూడదు కదా రేపు?"

"బిడ్డ తండ్రివి. రాకూడదు."

"మా మామ వస్తున్నాడు హోపీ నుంచి. పక్కనే ఉండమని చెప్పా. మోకాళ్ళు పట్టేస్తే ఆయన భుజం పట్టుకోండి. ఎవర్నీ ముట్టుకోకూడదనేది తర్వాత కదా, వెళ్ళేటప్పుడు పర్లేదు." వెళ్ళబోయి ఆగాడు. "అమ్మమ్మా, ఆమె ఒప్పుకోకపోతే?"

అదే ప్రశ్న పొద్దున్నుంచీ నన్ను కూర్చోనివ్వడం లేదు. పెద్దమ్మ నేర్పిన మాటలు నాకు వచ్చు, పెంకు ఏరేముందు అనే మాటలు. 'ఇది నాకివ్వు' అనే మాటలు అవి. 'ఇది తీసుకో' అనడానికి ఎవరూ ఏమీ నేర్పలేదు.

మే 19. బుధవారం. తెల్లవారుజాము.

కడవ బరువు తొమ్మిది పౌన్లు. నాలుగు మైళ్ళు. బయట ఆర్సేనియో దగ్గుతున్నాడు, వచ్చానని చెప్పడానికి. టోపీ చేతిలో పట్టుకునే ఉన్నాడు.

తొమ్మిదో రోజు. ఆసుపత్రి నుంచి ఇంకా ఏ మాటా లేదు. ఇక ఇల్లు దాటితే, సాయంత్రం దాకా ఏం జరిగినా నాకు తెలియదు.

అదే రోజు, సాయంత్రం.

లోపల జరిగింది రాయను.

బయటిది మాత్రం. దారిలో ఆరుసార్లు ఆగాను. రెండో మైలు దగ్గర మోకాళ్ళు పట్టేస్తే హార్లన్ మామ భుజం పట్టుకున్నాను. కడవ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. గోడల దగ్గరికి చేరేసరికి ఊళ్ళన్నిటి నుంచీ వచ్చినవాళ్ళు రెండు వరుసలుగా నిలబడ్డారు. నూట పద్దెనిమిది మంది. పార్కువాళ్ళు గేటు తీసి, అటు తిరిగి నిలబడ్డారు. కడవ ఎందుకు తెచ్చానో అప్పటికే అందరికీ తెలుసు. వాళ్ళ మధ్య నుంచి నడిచాను. నా దగ్గర చదివినవాళ్ళు పదకొండుమందిని గుర్తుపట్టాను. ఒక్కరూ తల తిప్పుకోలేదు. తిప్పుకుంటే బాగుండేది.

అడిగాను. గట్టిగానే అడిగాను. జవాబు వచ్చిందో లేదో నాకు తెలియలేదు. గాలి కాస్త ఆగినట్టనిపించింది, అంతే. గాలి ఆగడం జవాబని రాయను. గాలి ఊరికే కూడా ఆగుతుంది.

ఇంటికి వచ్చేసరికి అయిదున్నర. ఫోను సెఫెరినో ఇంట్లో ఉంది. వెళ్ళకూడదు. వీధిలో ఎవర్నైనా పిలిచి అడగవచ్చు. తలుపు తీశాను. వీధిలో ఎవరూ లేరు. అందరూ ఎందుకు లోపలున్నారు? చెప్పడానికి భయపడుతున్నారా? కుర్చీ గుమ్మం నుంచి వెనక్కి జరుపుకుని కూర్చున్నాను.

మే 20. గురువారం.

పొద్దున ఎనిమిదీ పది. హార్లన్ బండి చప్పుడు. వేగంగా వచ్చాడా, నెమ్మదిగా వచ్చాడా, ఇంజను ఆపాక తలుపు వెంటనే తీశాడా లేదా అని వింటున్నాను. వెంటనే తీయలేదు.

గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. అతను కంచె అవతలే ఆగాడు. ఇరవై అడుగులు ఉంటుంది. మొహం చూస్తే నిద్ర లేదని తెలుస్తోంది, ఇంకేమీ తెలియడం లేదు.

"అమ్మమ్మా! ఇక్కణ్ణించి చెప్పొచ్చా?"

"చెప్పు."

"నాలుగు పౌన్లు రెండు ఔన్సులు!"

గుమ్మం కొయ్య పట్టుకున్నాను.

"వినపడలేదా? నాలుగు పౌన్లు—"

"వినపడింది. ఎప్పుడు తూచారు?"

"ఆరింటికి."

"బట్టలతోనా, బట్టల్లేకుండానా?"

హార్లన్ ఒక్కసారి వెనక్కి వాలి, బండికి ఆనుకుని నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళు తుడుచుకున్నాడు. "బట్టల్లేకుండా! మీరు అడుగుతారని నర్సుని రెండుసార్లు అడిగాను. పాలు కూడా తాగింది, సీసాలో సగం. గొట్టం ఇంకా తీయలేదు. రాత్రి ఒకసారి ఊపిరి ఆగింది. నేనే తట్టాను కాలి మీద, మళ్ళీ తీసుకుంది."

"ఎన్ని సెకన్లు ఆగింది?"

"లెక్కపెట్టలేదు అమ్మమ్మా."

"మంచి పని చేశావు," అన్నాను. ఆ మాట నేనెలా అన్నానో నాకే తెలియదు.

కంచె మీద చేతులు పెట్టాడు. "జెనీవా మీతో మాట్లాడనంటోంది. ఇప్పట్లో మాట్లాడదు, నేను చెబుతున్నా. అయితే బరువు మాత్రం చెప్పి రమ్మంది. ఔన్సులతో సహా అంది."

"రేపు కూడా తూస్తారా?"

"తూస్తారు. రేపు కూడా ఇక్కడే నిలబడి అరుస్తా. నాలుగు రోజులూ."

బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే ఉన్నాను. తర్వాత అక్కడే, గడప మీద కూర్చున్నాను.

పదో రోజు. 4 పౌన్ల 2 ఔన్సులు, బట్టల్లేకుండా.